ఈఎక్స్‌టీ4 థియోడోర్ త్సో ఒక్కరే రాశారా?

లేదు. ఆయన పేరే ఎందుకంత వినిపిస్తుందని కూడా అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఈఎక్స్‌టీ4 అంటే లైనక్స్‌లో డిస్కు మీద ఫైళ్లను అమర్చి ఉంచే ఫైల్‌సిస్టమ్. ఈఎక్స్‌టీ2, ఈఎక్స్‌టీ3 దాని ముందు తరాలు.

1993లో వచ్చిన ఈఎక్స్‌టీ2కు ముఖ్య రచయిత రెమీ కార్డ్. దానికి జర్నలింగ్ (మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకునే పద్ధతి) చేర్చి ఈఎక్స్‌టీ3 చేసింది స్టీఫెన్ ట్వీడీ. ఈఎక్స్‌టీ4లోని ఎక్స్‌టెంట్ల (పక్కపక్కనున్న బ్లాకులను ఒకే గుంపుగా గుర్తుంచుకోవడం) వంటివి చాలావరకు సూపర్‌కంప్యూటర్లలో వాడే లస్టర్ ఫైల్‌సిస్టమ్ మీద పనిచేసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి. వీటన్నిటినీ ఒక దారిలో పెట్టి, 2008 చివర్లో స్థిరమైన రూపానికి తెచ్చిన మెయింటెయినర్, అంటే ఆ కోడ్ బాధ్యత చూసే వ్యక్తి, త్సో.

సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. నాకైతే ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఈ2ఎఫ్ఎస్‌సీకే, అంటే డిస్కును సరిచేసే ప్రోగ్రామ్. ఒకసారి కరెంటు పోయి వచ్చాక మా సర్వర్‌లో డేటా డిస్కు మౌంట్ కాలేదు, సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలు ఉండే భాగం) పాడైందని చూపించింది. అందరికీ టెన్షన్. సూపర్‌బ్లాక్‌కు డిస్కులో వేరేచోట్ల నకళ్లు ఉంటాయి. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు 32768వ బ్లాకులో. ఆ నంబర్ ఇచ్చి ఈ2ఎఫ్ఎస్‌సీకే నడిపాను. ముందు ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలు ఉండే నమోదులు), తర్వాత డైరెక్టరీలు, ఆపైన లింకుల లెక్క, ఇలా 5 దశల్లో మొత్తం సరిచూసుకుంటూ వెళ్లింది. ఊరూపేరూ దొరకని కొన్ని ఫైళ్లను లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పెట్టింది, మిగతా డేటా ఎక్కడిదక్కడే ఉంది. ఇలాంటి ప్రోగ్రామ్ రాయాలంటే డిస్కు ఎన్ని రకాలుగా పాడవుతుందో ముందే ఊహించాలి. కొత్త ఫీచర్ రాయడం కంటే ఇది కష్టమని నా నమ్మకం.

ఇంకొకటీ చెప్పాలి. 2009లో ఈఎక్స్‌టీ4 వాడుతున్న కొందరికి సిస్టమ్ క్రాష్ అయ్యాక కొన్ని ఫైళ్లు సున్నా బైట్లుగా కనిపించాయి. రాసిన డేటాకు బ్లాకులు ఆలస్యంగా కేటాయించడం దానికి కారణం. ఎఫ్‌సింక్‌ను (డేటాను వెంటనే డిస్కుకు రాయమని ప్రోగ్రామ్ అడిగే పిలుపు) పిలవకపోతే డేటా డిస్కుకు చేరిందన్న హామీ లేదని త్సో ఓపిగ్గా వివరించారు. నిబంధన ప్రకారం ఆయన మాటే సరైనది. అయినా అక్కడితో ఆగలేదు. పాత ఫైలు మీదికి రీనేమ్ చేసినప్పుడు కొత్త డేటాకు వెంటనే బ్లాకులు కేటాయించేలా లైనక్స్ కెర్నెల్‌నూ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) మార్చారు. అది కెర్నెల్ 2.6.30 వెర్షన్‌లో వచ్చింది. వాడేవాళ్ల డేటా గురించి అంత పట్టింపు ఉన్న మెయింటెయినర్ అంటే నాకు చాలా గౌరవం.

కోడ్ చదివే ఆసక్తి ఉంటే ఈ2ఎఫ్ఎస్‌సీకే ఉండే ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ ప్యాకేజీ సోర్స్‌లో పాస్1.సి ఫైలు తెరవండి. ఏమేం పరీక్షిస్తుందో మొదట్లోనే కామెంట్‌గా రాసి ఉంటుంది.