సంస్థ కార్లు: కొనుగోలు, నిర్వహణ – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: యంత్ర భాగాలు తయారుచేసే మా సంస్థకు ఆరు పెట్రోలు కార్లు ఉన్నాయి. వాటిలో నాలుగు బాగా పాతబడ్డాయి. కొత్తవన్నీ ఎలక్ట్రిక్ కార్లే కొందామని ఒక భాగస్వామి, అసలు కొనకుండా లీజుకు తీసుకుందామని మరొక భాగస్వామి అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: ఏ కారు కొనాలన్న దానికంటే ముందు, ఇప్పుడున్న ఆరు కార్లూ ఏం పని చేస్తున్నాయో తేల్చుకోండి. ప్రతి కారుకూ ఒక లాగ్‌బుక్కు పెట్టి, ఎవరు వాడారు, ఎక్కడికి వెళ్లింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రాత్రి ఎక్కడ నిలిపారు అన్న నాలుగు వివరాలను రెండు నెలల పాటు రాయించండి. డైరెక్టర్ల కార్లు పగలంతా కార్యాలయం ముందు నిలిచి ఉండగా, మార్కెటింగ్ సిబ్బంది కోసం అదే రోజు ట్రావెల్స్‌కు బిల్లు చెల్లించే సంస్థలు మన హైదరాబాద్ నగరంలో చాలా ఉన్నాయి. మీ దగ్గరా అలాగే జరుగుతున్నట్లు తేలితే నాలుగు పాత కార్ల స్థానంలో మూడు కొత్తవి సరిపోవచ్చు. కొనకుండా మిగిల్చిన కారును మించిన పొదుపు మరొకటి లేదు.

ఇక ఇంధనం సంగతి. ఒక కారు నెలకు 2,000 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుందాం. నగర రద్దీలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు 1,600 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున లెక్క వేస్తే అది 1,71,200 రూపాయలు. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడిచే ఎలక్ట్రిక్ కారుకు 4,000 యూనిట్లు కావాలి. మీ ప్రాంగణంలోనే యూనిట్ పది రూపాయల ఖర్చుతో ఛార్జి చేసుకోగలిగితే 40,000 రూపాయలతో సరిపోతుంది. అదే కారును ప్రతిసారీ బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 22 రూపాయలు పెట్టి ఛార్జి చేయిస్తే ఖర్చు 88,000 రూపాయలవుతుంది. పైగా డ్రైవర్ సమయం అక్కడ వృథా అవుతుంది. లాగ్‌బుక్కులో రాత్రి నిలిపే చోటును రాయమన్నది ఇందుకే. కారు మీ ఆవరణలో నిద్రపోతే ఎలక్ట్రిక్ లాభదాయకం. డ్రైవర్ దాన్ని ఛార్జింగ్ సౌకర్యం లేని అపార్టుమెంటుకు తీసుకెళ్లే పద్ధతి ఉంటే మాత్రం ఆ లాభంలో చాలా భాగం కరిగిపోతుంది.

పన్నుల విషయంలో ఎలక్ట్రిక్ వైపే మొగ్గు ఎక్కువ. వాటిపై జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి పొడవు నాలుగు మీటర్లకు, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీకి మించని చిన్న కార్లపై 18 శాతం, అంతకంటే పెద్ద కార్లపై 40 శాతం అమలవుతోంది. డ్రైవర్‌తో కలిపి 13 మందికి మించని ప్రయాణికుల వాహనాలపై కట్టిన జీఎస్టీని, కార్లు అమ్మే వ్యాపారం, ప్రయాణికుల రవాణా, డ్రైవింగ్ శిక్షణ వంటి వాటిలో ఉన్నవారు తప్ప మిగిలిన సంస్థలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోలేవు. కనుక మీరు కట్టే పన్నంతా కారు ధరలో భాగమే. తెలంగాణలో రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయించారు. సంస్థ పేరిట కొనే కారుకు జీవితకాల పన్ను, ఒక వ్యక్తి కొనే మొదటి కారుకంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈ మినహాయింపు మీకు మరింత విలువైనది.

అయినా అన్నీ ఎలక్ట్రిక్ కార్లే తీసుకోమని నేను చెప్పను. జీడిమెట్ల, పాశమైలారం, చర్లపల్లి, శంషాబాద్ విమానాశ్రయం వంటి చోట్లకు వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే కార్లు ఎలక్ట్రిక్‌వి కావచ్చు. విజయవాడ, కర్నూలు వంటి దూరప్రాంతాల్లోని కొనుగోలుదారుల దగ్గరకు ఉన్నపళంగా బయలుదేరాల్సిన పని ఉంటే, దానికోసం పెట్రోలు కారునో హైబ్రిడ్ కారునో ఒక్కటైనా ఉంచుకోవడం మంచిది.

లీజు ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. కానీ ఐదేళ్ల తర్వాత పాత ఎలక్ట్రిక్ కారు ఎంత పలుకుతుందో ఈరోజు ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆ నష్టభయాన్ని లీజు సంస్థ మీద పెట్టడం వివేకం. పాత పెట్రోలు కారు ధరను మార్కెట్టు సులభంగానే అంచనా వేయగలదు కనుక దాన్ని సొంతంగా కొనుక్కోవడమే నయం. అందుచేత ఎలక్ట్రిక్‌వి లీజుకు, పెట్రోలుది సొంతానికి తీసుకోమని నా సలహా. లీజు తీసుకుంటే అద్దెపై కట్టే జీఎస్టీ తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, పైన చెప్పిన ఆంక్ష అద్దెకూ వర్తిస్తుంది. సంతకం చేసే ముందు ఏడాదికి అనుమతించే కిలోమీటర్లు, మధ్యలో రద్దు చేసుకుంటే చెల్లించాల్సిన మొత్తం, కారు తిరిగి అప్పగించేటప్పుడు గీతలకూ సొట్టలకూ కట్టే లెక్క ఒప్పందంలో ఎలా ఉన్నాయో చదవండి.

మరొక్క మాట. కార్లను ఢీకొట్టించి చూసి నక్షత్రాల రేటింగ్ ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలు 2023 అక్టోబరులో మొదలయ్యాయి. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగాన్ని అనుమతిస్తున్న నగరంలో మీ ఉద్యోగులను తిప్పే కారుకు నాలుగు నక్షత్రాలకు తగ్గని రేటింగ్ ఉండాలని పట్టుబట్టండి. సన్‌రూఫ్ కోసం ఈ విషయంలో రాజీపడవద్దు.

ప్రశ్న: మా సంస్థకు రెండు సొంత కార్లు ఉన్నాయి. పని ఎక్కువైనప్పుడు తెలిసినవారి తెల్ల నంబరు ప్లేటు కారును నెలవారీ అద్దెకు పెట్టుకుంటున్నాం. ప్రమాదం జరిగితే బీమా వర్తిస్తుందా? చలానాలను డ్రైవర్ జీతంలో కోయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఆ అద్దె కారును వెంటనే మాన్పించండి. సొంత అవసరాలకు రిజిస్టరైన కారును అద్దెకు తిప్పితే పర్మిట్ లేకుండా రవాణా వాహనాన్ని నడిపినట్లే. మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్ కింద దీనికి పదివేల రూపాయల జరిమానాతో పాటు జైలుశిక్షకు కూడా అవకాశం ఉంది. అంతకంటే ముఖ్యమైనది బీమా. ప్రైవేటు కారు పాలసీలో అద్దెకు తిప్పడం మినహాయింపుల్లో ఉంటుంది కాబట్టి క్లెయిమును తిరస్కరించడానికి బీమా కంపెనీకి కారణం సిద్ధంగా ఉన్నట్లే. టాక్సీగా రిజిస్టరైన పసుపు ప్లేటు కారునే అద్దెకు తీసుకోండి. దానికి ప్రత్యేకమైన లైసెన్సు కావాలని డ్రైవర్లు భయపడుతుంటారు. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాలను ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

మీ సొంత కార్ల విషయంలో చాలామంది గమనించని లోటు ఒకటుంది. కారు యజమానే నడుపుతున్నప్పుడు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, యజమాని ఒక వ్యక్తి అయితేనే లభిస్తుంది. ఆర్‌సీ సంస్థ పేరిట ఉంటే అది రాదు. కనుక జీతం తీసుకునే డ్రైవర్ పట్ల యజమాని బాధ్యతను, కారులో ప్రయాణించే ఉద్యోగుల పట్ల బాధ్యతను పాలసీలో విడిగా చేర్పించాలి. డ్రైవర్ బాధ్యతకు అదనపు ప్రీమియం చాలా స్వల్పం. దాంతో ఆగిపోకుండా డ్రైవర్ల పేరిట వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోండి. తెల్లవారుజామున మీ అతిథిని విమానాశ్రయం నుంచి తెచ్చే మనిషి ఇంట్లో ఆయన సంపాదన మీదే ఆధారపడినవారు ఉంటారు.

చలానా వాహన యజమాని పేరిటే వస్తుంది. ఆ సమయంలో ఎవరు నడిపారో అడిగితే చెప్పాల్సిన బాధ్యత కూడా 133వ సెక్షన్ ప్రకారం యజమానిదే. లాగ్‌బుక్కు లేకపోతే ఆ జవాబు మీ దగ్గర ఉండదు. సీటుబెల్టు పెట్టుకోకపోవడం, ఫోనులో మాట్లాడుతూ నడపడం వంటి తప్పులకు డ్రైవర్‌నే బాధ్యుణ్ణి చేయండి, అయితే అది నియామక పత్రంలో ముందుగానే రాసి ఉండాలి. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి ముప్పావు గంటలో చేర్చమని మీ అధికారే ఒత్తిడి చేసినప్పుడు పడిన వేగపు చలానాను మాత్రం సంస్థే కట్టాలి. రాత్రి పదకొండుకు ఇంటికి చేరిన డ్రైవర్‌ను తెల్లవారుజామున నాలుగుకు మళ్లీ పిలవకూడదన్న నియమం మీ సంస్థలో లేకపోతే ఈ వారమే పెట్టండి. నిద్రలేని డ్రైవర్ చేతిలో ఎంత మంచి కారూ సురక్షితం కాదు.

ప్రశ్న: వానాకాలంలో మా వీధి మునుగుతుంది. సంస్థ కారు నీళ్లలో చిక్కుకుంటే బీమా వస్తుందా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: 2020 అక్టోబరు వరదల తర్వాత ఈ ప్రశ్న నగరమంతటిదీ అయింది. సమగ్ర పాలసీలో వరద నష్టం కలిసే ఉంటుంది. అయితే మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌లోకి నీరు పోయి పాడైతే, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు లేనిదే పరిహారం దొరకడం కష్టం. ఆ కవరు తీసుకోండి, మునిగిన కారు తాళం ఎవరూ తిప్పకూడదని డ్రైవర్లకు చెప్పండి, ఫొటోలు తీసి కారును లాగించుకుని సర్వీసు కేంద్రానికి చేర్చండి. వాన హెచ్చరిక ఉన్న రాత్రి కార్లను ఎత్తయిన చోట నిలిపే ఏర్పాటు ఉంటే ఇవేవీ అవసరం కావు.

ప్రశ్న: పాత కార్లను అమ్మేటప్పుడు జీఎస్టీ కట్టాలా?
– ఒక చిన్న సంస్థ అకౌంటెంటు, సికింద్రాబాద్

జవాబు: లాభం మీద మాత్రమే కట్టాలి. జీఎస్టీ కింద నమోదైన సంస్థ, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోని పాత కారును అమ్మితే, అమ్మకపు ధరలోంచి ఆదాయపు పన్ను లెక్కల ప్రకారం తరుగుదల పోను మిగిలిన విలువను తీసివేసి, మిగిలిన మొత్తంపై 18 శాతం చెల్లించాలి. ఈ రేటు 2025 జనవరి నుంచి అన్ని పాత కార్లకూ ఒకటే. పుస్తకాల్లో 2,80,000 రూపాయల విలువ ఉన్న కారు 3,50,000 రూపాయలకు పోతే 70,000 మీద పన్ను 12,600 రూపాయలవుతుంది. నష్టానికి అమ్మితే పన్ను లేదు.

డబ్బు చేతికి రాగానే తాళాలు ఇచ్చి ఊరుకోవద్దు. ఆర్‌సీలో పేరు మారనంత వరకు ప్రమాద పరిహారానికి పాత యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. కాగితాలన్నీ సంతకాలతో మీ సమక్షంలోనే సమర్పించి, రసీదు ఫైలులో పెట్టి, ఫాస్టాగ్‌ను మూసివేయించిన తర్వాతే కారును అప్పగించండి.