మైనస్ 3 అని ఊరుకోనివ్వకండి

ప్రశ్న: మా అబ్బాయి గ్రాఫు చూసి వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందో), అంతరఖండాలు (గీత అక్షాలను తాకే చోట్లు) టకటకా చెప్పేస్తాడు. కానీ "కొవ్వొత్తి పొడవు (సెంటీమీటర్లలో) = 24 − 3 × గంటలు. ఇందులో ఒక్కో సంఖ్యకు అర్థం రాయండి" అంటే మాత్రం పెన్ను కదలదు. ఎలా చెప్పాలి మాస్టారూ?

జవాబు: మీవాడికి లెక్క వచ్చమ్మా, ప్రమాణాలే వదిలేస్తున్నాడు. మైనస్ 3 ఏమిటో అడగండి. గంటకు సెంటీమీటర్లు. అది నోటితో అంటే చాలు, "కొవ్వొత్తి గంటకు 3 సెంటీమీటర్ల చొప్పున తరుగుతోంది" అనే వాక్యం దానంతటదే వస్తుంది. 24 అంటే వెలిగించేటప్పటి పొడవు. గీత అడ్డ అక్షాన్ని తాకేది 8 దగ్గర, అంటే 8 గంటల్లో కొవ్వొత్తి అయిపోతుంది. ఆ తర్వాత కూడా గీత కిందికి పోతుంది గానీ, కాలడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు ఇంకొకటి అడగండి. ఫారెన్‌హీట్ = 1.8 × సెల్సియస్ + 32. సెల్సియస్‌లో 10 డిగ్రీలు పెరిగితే ఫారెన్‌హీట్‌లో ఎంత పెరుగుతుంది? నా క్లాసుల్లో ఎక్కువగా వినిపించే జవాబు 50. అది 10 డిగ్రీల దగ్గర ఉండే రీడింగు. పెరిగేది 18 మాత్రమే. పెరుగుదల అడిగినప్పుడు 32తో పనే లేదు. పుస్తకంలోని అభ్యాసాలన్నిటికన్నా నాకు ఈ ప్రశ్నే ఇష్టం.

అంతరఖండం వస్తే, ఇక్కడ సున్నా అంటే ఏమిటో ముందు చూడాలి. పెద్దవాళ్ల ఎత్తు, బరువులతో గీసిన గీత సున్నా ఎత్తు దగ్గర మైనస్ బరువు చూపించవచ్చు. సున్నా ఎత్తు మనిషి ఉండడు కాబట్టి దానికి అర్థం వెతకొద్దు.

అలాగని కొలవని చోటికి గీతను పొడిగించడం ఎప్పుడూ దండగ కాదు. పీడనం మార్చకుండా వాయువును వేడిచేస్తూ, సెల్సియస్ ఉష్ణోగ్రతకు ఎదురుగా ఘనపరిమాణం గుర్తిస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. ఏ వాయువు, ఎంత తీసుకున్నాం అన్నదాన్ని బట్టి వాలు మారుతుంది. కానీ వెనక్కి పొడిగిస్తే గీతలన్నీ అడ్డ అక్షాన్ని తాకేది దాదాపు ఒకే చోట, మైనస్ 273 దగ్గర! నిజం వాయువు అంతకన్నా ముందే ద్రవమైపోతుంది, అది వేరే సంగతి. ఉష్ణోగ్రతకే ఇంకో కొలమానమైన కెల్విన్‌లో సున్నా సరిగ్గా మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్.

అదే గ్రాఫును కెల్విన్‌లో గీస్తే గీత మూలబిందువు (రెండు అక్షాలూ కలిసే చోటు) గుండా పోతుంది. నిలువు అంతరఖండం సున్నా అయింది, వాలు మాత్రం మారలేదు. ఎందుకో మీవాడిని రాసి పంపమనండి, చూస్తాను.