నాన్న బుల్లెట్ మీద అరకు వెళ్తానంటున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,

బాబాయి ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు షెడ్డులోంచి బుల్లెట్ బయటికి తీశావట. కార్బురేటర్ నీ చేత్తోనే విప్పి, కడిగి, మళ్లీ బిగించావట. సంక్రాంతి సెలవుల్లో దాని మీద విశాఖ నుంచి అరకు వెళ్తానంటున్నావట. "నువ్వైనా చెప్పి మాన్పించరా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన గొంతులో మురిపెం దాగలేదు. నేను మాన్పించను. మన ఇంట్లో పానా పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వు. ఆ సంగతి మీ పిన్నికి రెండుసార్లు చెప్పాను. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే బాబాయ్" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు కాగితాలు. అది 1984 బండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆర్‌సీ తీసి తేదీ చూడు. ఇన్సూరెన్స్ లేకుండా వీధి చివరికి కూడా వెళ్లవద్దు.

టైర్లు మార్చు. టైరు మీద గాడులు బాగానే ఉన్నాయని మీ నాన్న అంటాడు, వినకు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారం తయారైందని అర్థం. నిలబడి ఉన్న టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ట్యూబులూ కొత్తవే వెయ్యి.

ట్యాంకులో పాత పెట్రోలు ఒక్క చుక్క ఉంచకు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ రోజుల్లో తయారైన రబ్బరు గొట్టాలను, వాషర్లను అది మెత్తబరిచి పాడు చేస్తుంది. బండి వారాల తరబడి కదలకపోతే గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు గొట్టం కొత్తది వెయ్యి. బండి నిలిపి ఉంచాల్సి వస్తే కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచు.

ఆయిల్ విషయంలో పొరపాటు పడకు. ఇప్పటి బళ్లలా అన్నిటికీ ఒకటే ఆయిల్ కాదు. ఇంజనుకు వేరు, క్లచ్ కేసుకు వేరు, గేరుబాక్సుకు వేరు. మూడూ విడివిడిగా చూసుకోవాలి. ఎక్కువ కాలం నిలబడిన బండిలో ఇంజను ఆయిల్ మెల్లగా కిందికి దిగి క్రాంక్ కేసులో నిండిపోతుంది. కాబట్టి మొదటి కిక్కు కొట్టకముందే కింద డ్రైన్ నట్టు విప్పి మొత్తం తీసెయ్. కొత్త ఆయిల్ పోశాక ప్లగ్గు విప్పి ఊరికే నాలుగైదు సార్లు కిక్కు తొక్కు. పైన హెడ్డుకు వెళ్లే సన్న గొట్టం నట్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ చెమర్చాలి. చెమర్చకపోతే స్టార్టు చేయకు, నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా సరే.

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వాల్వును కదిలించే పుష్ రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. నీ చేతికి అది ఒక్కసారి తెలిస్తే ఇక మరిచిపోవు.

కిక్కు బలంతో కొట్టేది కాదు. నీ బరువు చాలు. ముందు మెల్లగా తొక్కు, ఒకచోట కాలికి గట్టిగా తగులుతుంది. అక్కడ హెడ్‌లైటు దగ్గరి ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వస్తుంది. ఇంజనులో బిగిసిన గాలిని వదిలే డీకంప్రెషర్ లీవరు నొక్కి ఇంకొక్క రవ్వ కిందికి దించు, లీవరు వదులు, కిక్కు పైకి రానివ్వు, అప్పుడు అడుగుదాకా ఒకే ఊపున తొక్కు. సగంలో కాలు తీస్తే అది ఎదురు తంతుంది. చీలమండ విరిగిన వాళ్లను చూశాను. చెప్పులతో కిక్కు కొట్టావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎవరైనా చెబుతారు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. నువ్వు ఇప్పుడు నడిపే బండికి గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. ఈ బుల్లెట్‌కు అది తారుమారు. కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు. మొదటి గేరు పైకి లేపాలి, మిగతా మూడూ కిందికి నొక్కాలి. ఇప్పుడు ఆలోచించు. ఎదురుగా ఏ ఆవో అడ్డం వస్తే నీ కుడి కాలు నిన్ను అడగకుండానే కిందికి తొక్కుతుంది. అక్కడ బ్రేకు ఉండదు. బండి ఆగకపోగా పై గేరులో పడుతుంది.

మీ నాన్న మోకాలి కింద పొడుగాటి మచ్చ ఉంది కదా. కబడ్డీ ఆడి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. మీ అమ్మకూ అదే చెప్పాడు. నేను ఇన్నేళ్లూ నోరు విప్పలేదు, ఇప్పుడు విప్పుతున్నాను.

అప్పటికి మీ నాన్నకు పెళ్లి కాలేదు. తన పాత ఎజ్డీ బండి అమ్మేసి ఈ బుల్లెట్ కొన్న కొత్త. ఎజ్డీకి బ్రేకు కుడివైపు. నన్ను వెనక ఎక్కించుకుని అరకు తీసుకెళ్లాడు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక దిగుడు మొదలవగానే ఆయనకు పెట్రోలు ఆదా చేయాలనిపించింది. ఈ బండికి గేరు పెడల్ పక్కనే ఇంకో చిన్న పెడల్ ఉంటుంది చూడు, న్యూట్రల్ ఫైండర్. క్లచ్ పట్టి మడమతో దాన్ని నొక్కితే పై గేర్లలో ఎక్కడ ఉన్నా నేరుగా న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. అన్నయ్య దాన్ని నొక్కి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది. గాలి చప్పుడు, చైను చప్పుడు తప్ప ఏమీ లేదు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ తోటలు పక్క నుంచి జారిపోతున్నాయి. నాకైతే ఎగురుతున్నట్టే ఉంది. ఇంకా వేగంగా పోనీ అన్నాను కూడా.

కొన్ని మలుపులు దాటాక కాలుతున్న వాసన వచ్చింది. ఎక్కడో అడవిలో ఏదో కాలుస్తున్నారనుకున్నాం. కాలుతున్నది మా బ్రేకు లైనింగే, డ్రమ్మును లోపల ఒరుసుకుని బండిని ఆపే పొర. ఇంజను పట్టి ఉంచాల్సిన బరువునంతా రెండు చిన్న డ్రమ్ముల మీద వేశాడు మీ నాన్న. డ్రమ్ము వేడెక్కితే లైనింగ్ పట్టు కోల్పోతుంది. ఎంత నొక్కినా జారుతుందే తప్ప పట్టదు. ముందు బ్రేకు లీవరు హ్యాండిల్‌ను తాకేసింది. అప్పుడే మలుపులో లారీ ఒకటి పైకి వస్తూ కనిపించింది. అన్నయ్య కుడి కాలితో శక్తికొద్దీ తొక్కాడు. ఎజ్డీ నేర్పిన అలవాటు అది. గేరు పళ్లు కరకరమన్నాయి తప్ప బండి ఆగలేదు.

లోయవైపు తిప్పకుండా కొండవైపు తిప్పాడు, అందుకే ఈ ఉత్తరం రాయడానికి నేనున్నాను. కాలువలో పడ్డాం. నాకు చేతులు గీరుకుపోయాయి. ఆయన కాలు ఫుట్‌రెస్టుకూ రాయికీ మధ్య చిక్కుకుంది. లారీ డ్రైవరు దిగివచ్చి ఇద్దరినీ లేపాడు. తన తువ్వాలు చింపి కాలికి కట్టాడు. అన్నయ్య ఆ నొప్పిలోనే సీసా తీసి డ్రమ్ము మీద నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, వేడి మీద పోస్తే పగులుతుందని. డ్రమ్ము చల్లబడేదాకా మాతోపాటే రోడ్డు పక్కన కూర్చున్నాడు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి తమ్ముడూ" అన్నాడు వెళ్లేటప్పుడు. ఆయన పేరైనా అడగలేదు మేము. తరువాత నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరాక బస్సుల బ్రేకు లైనింగులు విప్పిన ప్రతిసారీ ఆ వాసన ముక్కుకు తగిలేది.

అందుకని, అమ్మలూ, దిగేటప్పుడు రెండో గేరు. దిగుడు ఇంకా నిటారుగా ఉంటే మొదటిది. ఇంజను గట్టిగా రొద చేస్తుంది, చెయ్యనీ. నీ బరువును పట్టి ఆపుతున్న చప్పుడు అది. తాళం తిప్పకు. న్యూట్రల్ ఫైండర్ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరికే, ఘాట్‌లో దాని జోలికి పోకు. బ్రేకు నొక్కి పట్టి ఉంచవద్దు. మలుపు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించు, వెంటనే వదిలెయ్. వాసన వస్తే, లీవరు మెత్తబడితే, ఆగిపో. ఎవరు నవ్వినా పరవాలేదు. పైకి వచ్చే బండికి దారి ఇవ్వడం దిగేవాళ్ల ధర్మం, చట్టం కూడా అదే.

వెళ్లేలోగా నీ బండిని ఇంట్లో పెట్టి తాళం వెయ్. పొద్దున్నే ఖాళీ మైదానంలో బుల్లెట్ ఒక్కటే నడుపు. ఎవరినైనా దూరంగా నిలబెట్టి, ఉన్నట్టుండి చెయ్యి ఎత్తమను. నువ్వు ఆలోచించకముందే ఎడమ కాలు బ్రేకు మీదికి వెళ్లాలి. వెళ్లేదాకా ప్రయాణం వాయిదా. సంక్రాంతి కాకపోతే శివరాత్రి. అరకు ఎక్కడికీ పోదు. నాకు నువ్వు కావాలి.

జనవరిలో అక్కడ పొద్దున మంచు దట్టంగా ఉంటుంది, ఆ బండి దీపం దానికి చాలదు. ఎండ వచ్చాకే కదులు, చీకటి పడకముందే శృంగవరపుకోటకు దిగిపో. మొదటిసారి వెనక ఎవరినీ ఎక్కించుకోకు. అంత దూరం ఒక్కదానివే వెళ్తున్నావని వదిన భయపడుతుంది. నీ స్నేహితురాలిని వేరే బండి మీద రమ్మను. ఒక క్లచ్ కేబుల్, ఒక యాక్సిలరేటర్ కేబుల్, ప్లగ్గు, ప్లగ్గుకు నిప్పు అందించే పాయింట్ల సెట్టు, ప్లగ్గు పానా దగ్గర ఉంచుకో. కేబుళ్లు పాతవాటి పక్కనే కట్టి ఉంచితే తెగినప్పుడు మార్చడం సులువు.

బ్రేకు షూలు మాత్రం నువ్వు కొనకు, అక్కడ ఎవరిచేతా వేయించకు. వచ్చే శనివారం బండిని వ్యాన్‌లో ఎక్కించి విజయనగరం తీసుకురా. నడుపుకుంటూ రావద్దు. రెండు చక్రాలూ విప్పి డ్రమ్ములు చూస్తాను, లోపల గాడి పడి ఉంటే తెలిసిన లేత్ వర్క్స్‌లో తిప్పిస్తాను. షూలు నా ముందు నువ్వే బిగించాలి. మీ నాన్నను కూడా వెంటబెట్టుకురా. మచ్చ సంగతి రాశానని కోప్పడతాడు, పడనీ. పిన్ని అరిసెలు వండుతానంటోంది.

ఇట్లు,
మీ బాబాయి