సోషియాలజీ చదువుతానంటోంది, అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఏ ఆఖరి ఏడాది చదువుతోంది. సమాజాన్ని, బంధుత్వాలను పరిశోధించిన ఐరావతి కర్వే గురించి ఎక్కడో చదివిందట, అప్పట్నుంచి ఎంఏ సోషియాలజీ అని ఒకటే పట్టు. బీఈడీ చేస్తే డీఎస్సీ రాసుకోవచ్చు కదా అని ఇంట్లో అందరి మాట. ఆ చదువుతో మన వైపు బతుకు ఉందా? – ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: ముందు డీఎస్సీ సంగతి తేల్చేద్దాం. మన రాష్ట్రం బడుల్లో సోషియాలజీకి విడిగా టీచర్ పోస్టు లేదు. టీచరు కావాలన్నదే అమ్మాయి కోరికైతే బీఏ మీద బీఈడీ సూటి దారి, ఎంఏ సోషియాలజీ రెండేళ్ల చుట్టుతోవ. ఈ ముక్క తనకూ చెప్పండి. అది తన కోరిక కాకపోతే మిగతాది ఇద్దరూ కూర్చుని చదవండి.

కర్వే దారి కూడా నున్నగా ఏమీ లేదు. 1905లో బర్మాలో పుట్టారు, అక్కడి నది పేరే ఆమెకు పెట్టారు. పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివింది ఫిలాసఫీ. 1928లో బొంబాయిలో సోషియాలజీ ఆచార్యుడు జి.ఎస్. ఘుర్యే దగ్గర ఎంఏ చేసి, బెర్లిన్ వెళ్లి ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం)లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అక్కడి గైడు యూజెన్ ఫిషర్ జాతుల మధ్య ఎక్కువ తక్కువలున్నాయని నమ్మినవాడు. పుర్రెల కొలతల్లో ఆ తేడా దొరుకుతుందని ఆయన ఊహ. ఈమె కొలిచి చూసి, దొరకలేదని రాశారు. గైడుకు నచ్చేది కాక లెక్కలో తేలింది రాయడం ఈ చదువుకు పునాది. అమ్మాయికి ఆ మొండితనం ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

తిరిగొచ్చాక వెంటనే ప్రొఫెసర్ కుర్చీ దొరకలేదు. 1931 నుంచి 1936 దాకా ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఫైళ్లు చూశారు. పుణె డెక్కన్ కాలేజీలో రీడర్ పోస్టు వచ్చింది 1939లో. బెర్లిన్ డాక్టరేట్ ఉన్న మనిషికే అన్నేళ్లు పట్టింది కాబట్టి, ఎంఏ చేతికి రాగానే ఉద్యోగమని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆమెకు పేరు తెచ్చిన పని మాత్రం మీ ఇంటి అరుగు మీద దొరికేదే. 1953లో వచ్చిన ఆమె గ్రంథం భారతదేశంలో బంధుత్వాల గురించి. దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడగొట్టి ఎక్కడ ఎవరిని ఏమని పిలుస్తారో, ఎవరిని ఎవరు చేసుకోవచ్చో పోల్చారు. మనకు మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే. నాన్న చెల్లెలూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. మేనరికం ఉన్నచోట ఈ మాటలు ఇలా కలిసిపోతాయి, కోడలు పోయేది తెలిసిన ఇంటికే. హిందీలో అక్క మొగుడు జీజా, మేనమామ కొడుకు అన్నదమ్ముడితో సమానం, అతనితో పెళ్లి ఊసెత్తితేనే తప్పు. అక్కడి పిల్ల కొత్త ఊరికి, కొత్త ముఖాల మధ్యకి పోతుంది.

అమ్మాయికి ఈ పని నప్పుతుందో లేదో ఫీజు కట్టకముందే తెలుసుకోవచ్చు. ఊళ్లో పది ఇళ్లు తీసుకోమనండి. ఇంటికో కాగితం. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, పిల్లలకు నిలువు గీత. మూడు తరాలు వెనక్కి గీయాలి. ప్రతి చుట్టాన్నీ ఎదురుగా ఏమని పిలుస్తారు, పక్కవాళ్లతో ఏమని చెబుతారు అని రెండుసార్లు అడగాలి, రెండూ ఒకటి కావు. వినబడ్డ మాట వినబడ్డట్టే రాయాలి. కొన్ని ఇళ్లలో అక్కను అప్ప అంటారు, దాన్ని అక్క అని దిద్దేస్తే పని పాడు.

కొత్తవాళ్లు సాధారణంగా పప్పులో కాలేసేది రెండు మూడు చోట్ల. పల్లెల్లో కులం వేరైనా వరసలు కలుపుకుంటారు, పక్కింటి మావని సొంత మేనమామగా రాసేస్తే చిత్రం తప్పుతుంది. ఆడవాళ్లను అడిగితే అరుగు మీది మగవాళ్లు జవాబు చెప్పేస్తారు. మధ్యాహ్నం పనులు తెమిలాక ఆడవాళ్లను విడిగా కలవాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, రేపు రాద్దాంలే అనుకోవడం. ఆ రాత్రే విడమరిచి రాయకపోతే సగం పోతుంది. అసలు పేర్లకు బదులు అంకెలు వేయాలి, ముందు అనుమతి అడగాలి.

జీతం వచ్చే వైపు చూద్దాం. మహారాష్ట్రలోని కొయనా ఆనకట్ట కింద ఇళ్లు పోయినవాళ్ల మీద కర్వే చేసిన సర్వే 1969లో వెలువడింది. వంశధార రిజర్వాయరు కింద హిరమండలం ఊళ్లు లేచిపోయిన జిల్లాలో ఆ పని ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ మదింపు, అంటే భూమి తీసుకుంటే జనం బతుకు ఏమవుతుందో చూసే అధ్యయనం, ఆరు నెలల్లో ముగించాలి, దాన్ని పరిశీలించే నిపుణుల బృందంలో ఇద్దరు అనధికార సామాజిక శాస్త్రవేత్తలు ఉండాలి. అయితే ఆ కుర్చీ అనుభవం ఉన్నవాళ్లది. మొదట దొరికేది ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, రీసెర్చ్ అసిస్టెంట్ లాంటి కాంట్రాక్టు పనులు. ప్రాజెక్టు అయిపోతే జీతమూ అయిపోతుంది. ఇంటర్వ్యూ పట్టిక తయారు చేయడం, ఎక్సెల్‌లో లెక్క తేల్చడం వచ్చినవాళ్లను మళ్లీ పిలుస్తారు. గిరిజన భాష సవర వచ్చినవాళ్లకు సీతంపేట వైపు ఇంకా విలువ. గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం అచ్చువేయించింది ఈ ప్రాంతం పనితోనే.

స్థిరమైన ఆదాయం కావాలంటే కాలేజీలో పాఠాలు చెప్పే అర్హత పరీక్ష నెట్ రాయాలి. మొదటి పేపరు 50 ప్రశ్నలు, సోషియాలజీ పేపరు 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, మైనస్ మార్కులు లేవు. పీజీలో 55 శాతం ఉండాలి, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీలకు 50. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. దానికి గరిష్ఠ వయసు 30, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు. గ్రూప్స్ వైపు చూసినా ఈ చదువు వృథా పోదు: గ్రూప్-2 ప్రిలిమ్స్ 150 మార్కుల్లో భారతీయ సమాజానికి 30, సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా తీసుకుంటే 500.

సీటు కోసం రెండు పరీక్షలు. హైదరాబాద్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ: 75 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి రాష్ట్ర వర్సిటీలకు ఏపీ పీజీసెట్. విజయనగరం గిరిజన కేంద్రీయ వర్సిటీ, ఎచ్చెర్ల అంబేడ్కర్ వర్సిటీల ప్రాస్పెక్టస్‌లూ తెప్పించి చూడండి, ఇంటి నుంచి పోయి వచ్చే దూరంలో సీటుంటే హాస్టలు ఖర్చు మిగులుతుంది.

సీయూఈటీ దరఖాస్తులు సంక్రాంతి చుట్టుపక్కల వస్తాయి, బీఈడీ సీటుకు రాసే ఎడ్‌సెట్ వేసవిలో. ఒకటి రాస్తే రెండోది పోదు. కాబట్టి ఆ పది ఇళ్ల పని పండగలోపు ముగించమనండి. పదకొండో ఇంటికి తనే పోతానంటే సీయూఈటీ ఫారం నింపండి. మూడో ఇంటికే విసుగొస్తే ఎడ్‌సెట్‌కు ఇంకా టైముంది.