భారం ఎక్కడికి పోయిందో చూడు, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

పెద్ద గాలిమరల రెక్కల మీద గాలి భారం తగ్గించడమే ఎం.టెక్. ప్రాజెక్టుగా తీసుకున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. ఆదివారం నిట్ నుంచి ఇంటికి వచ్చేలోపు ఇది ఒకసారి చదువు.

రెక్క అంచుకు ఫ్లాప్, అంటే పైకీ కిందికీ కదిలే చిన్న పలక, పెట్టాలన్న ఆలోచనను కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు భారం ఎక్కడ పుడుతుందో చూడు. ఇప్పుడు 115 మీటర్ల రెక్కలు వచ్చాయి. అంత రెక్క పైకి లేచినప్పుడు గట్టి గాలిలో ఉంటుంది, కిందికి దిగినప్పుడు నెమ్మది గాలిలో ఉంటుంది, టవర్ ముందుకు రాగానే గాలి ఇంకా తగ్గుతుంది. అంటే ప్రతి చుట్టుకూ రెక్క మొదలు ఒకసారి వంగి సడలుతుంది. నిమిషానికి 8 చుట్లు అనుకున్నా ఏడాదికి 42 లక్షలు, 20 ఏళ్లకు 8 కోట్ల పైమాటే. మళ్లీ మళ్లీ వంగి గ్లాస్ ఫైబర్ దెబ్బతినే అలసట లెక్కలో భారం సుమారు పదో ఘాతంలో వస్తుంది. కాబట్టి ఈ ఊపును 10 శాతం తగ్గించినా నష్టం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. నీ ప్రాజెక్టుకు విలువంతా ఇక్కడే ఉంది.

గాలిలో చాటను ఎదురుగా పడితే చేయి లాగేస్తుంది, కొంచెం వాలిస్తే తేలికవుతుంది. రెక్కను దాని నిడివి చుట్టూ తిప్పడాన్ని పిచ్ అంటారు, అది చేసే పని అదే. మూడు రెక్కలను ఒకేసారి కాకుండా దేనికది విడిగా తిప్పితే ఆ ఊపు బాగా తగ్గుతుంది. కానీ నేను పనిచేసిన ఒక చోట ఈ పద్ధతిని మరీ గట్టిగా వాడాం. గ్రాఫులు ఎంతో అందంగా వచ్చాయి. కొన్నాళ్లకు పిచ్ బేరింగులు అరవడం మొదలుపెట్టాయి. రోజంతా అదే చిన్న కోణంలో అటూ ఇటూ కదలడంతో గ్రీజు పక్కకు పోయి గాట్లు పడ్డాయి. రెక్క మీద తగ్గించిన భారాన్ని బేరింగు మోసింది. భారం ఎక్కడికి పోయిందని ముందే అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు మాత్రం ప్రతి ఫలితం పక్కన పిచ్ ఎంత తిరిగిందో తప్పకుండా రాయి.

ఫ్లాపులను నేను తీసిపారేయడం లేదు. డెన్మార్క్‌లోని రిసో పరిశోధనా కేంద్రంలో వెస్టాస్ వి27 అనే గాలిమర మీద పెట్టి చూస్తే రెక్క మొదట్లో భారం సగటున 14 శాతం తగ్గింది. అయితే అది చిన్న యంత్రం, కొద్దిసేపటి పరీక్ష. పిడుగులకూ దుమ్ముకూ తట్టుకుని 20 ఏళ్లు పనిచేయాలంటే అది వేరే పరీక్ష.

నా మనసు మాత్రం రెక్క తనంతట తానే మెలితిరిగే పద్ధతి వైపే ఉంది. కార్బన్ పొరలను కొంచెం ఏటవాలుగా పరిచినా, రెక్క కొసను వెనక్కి వంచినా, గాలి విసురుకు వంగేటప్పుడే అది మెలితిరిగి గాలి కోణం తగ్గించుకుంటుంది. మోటారు లేదు, పాడయ్యే సెన్సార్ లేదు. కరెంటు ఉత్పత్తి కొంచెం తగ్గుతుంది కాబట్టి రెక్క తయారీలోనే ఇచ్చే మెలికను సరిచేసుకోవాలి. ఇంకో మాట, అంచు దిక్కున వచ్చే ఊపులో ఎక్కువ భాగం రెక్క సొంత బరువుదే. దాన్ని ఏ ఫ్లాపూ తగ్గించలేదు.

గాలిమరను కంప్యూటర్‌లో నడిపి చూసే ఓపెన్‌ఫాస్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 61.5 మీటర్ల రెక్క ఉన్న 5 మెగావాట్ల ఎన్‌ఆర్‌ఈఎల్ (అమెరికా ప్రయోగశాల) నమూనాతో మొదలుపెట్టు. ముందు నిలకడ గాలి, తర్వాత ఎత్తుతో పెరిగే గాలి, ఆఖరికి సుడులున్న గాలి. సుడులున్న గాలిలో ఒక్క రన్ చూసి సంబరపడకు, ఒక్కో వేగానికి కనీసం ఆరు వేర్వేరు పది నిమిషాల రన్‌లు చెయ్యి.

ఆదివారం నిలకడ గాలి గ్రాఫులు తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ అత్త సర్వపిండి చేస్తానంది.

మీ మామ