బిడ్డా, ముందు క్రాన్ ఆపు

బిడ్డా,

ఉద్యోగం మానేసి, హిమాయత్‌నగర్‌లో ఒక సీఏ ఆఫీసు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్, ఇంకో ఫొటో స్టూడియో... వీళ్ల కంప్యూటర్లు, బ్యాకప్‌లు అన్నీ నువ్వే చూసుకుంటానని ఒప్పుకున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా ఇలాంటి పని పట్టుకుంటే చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఫొటో స్టూడియో అన్న మాట వినేసరికి మాత్రం భయం పట్టుకుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

లినక్స్ కమాండ్ల జాగ్రత్తల్లో నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. రోజువారీ పనులు రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో, చేయకు. ఫైళ్లను తుడిచే ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టే ముందు, అదే పేరు ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌కు ఇచ్చి ఏం వస్తుందో చూడు. కమాండ్ టైప్ చేసే ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు చదివాకే ఎంటర్ కొట్టు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు రెండు సర్వర్ల మధ్య పొరబడి అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. తీరా బ్యాకప్ కోసం వెతికితే రోజూ పడాల్సిన కాపీలు పడటమే లేదని తేలింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్నదున్నట్టు పట్టిన కాపీ, ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. అంత పెద్ద చోటే అలా జరిగింది.

ఇక స్టూడియో సంగతి. చాలా ఏళ్ల కిందట మా ఆఫీసు పక్క బిల్డింగ్‌లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఉండేవాళ్లు. అక్కడ పనిచేసే కుర్రాడు ఒక సాయంత్రం ‘పెళ్లి ట్రయల్’ అనే ఫోల్డర్ తీసేయబోయాడు. పేరు మధ్య స్పేస్ ఉంది, కొటేషన్లు పెట్టలేదు. ఆర్‌ఎమ్ దాన్ని రెండు పేర్లుగా తీసుకుంది. ‘పెళ్లి’ ఫోల్డర్ మొత్తం పోయింది.

ఆ నిమిషానికి ఏమీ మునిగిపోలేదు. బ్యాకప్ మెషిన్‌లో అన్నీ భద్రంగా ఉన్నాయి. కానీ పిల్లవాడు హడలిపోయాడు. ఓనర్‌కు తెలియకముందే సరిచేసేద్దామని ఒక రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లోకి దించాడు, దొరికిన ఫైళ్లనూ అదే డిస్క్‌లో రాయించాడు. రిజిస్టర్‌లో పేరు కొట్టేసినా మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు, ఫైలు డిలీట్ అయినా డేటా కొంతకాలం అక్కడే ఉంటుంది. కానీ ఇల్లు ఖాళీ అని రాసి ఉంది కాబట్టి కొత్తవాళ్లు వచ్చి దిగిపోతారు. తను వెతుకుతున్న ఫొటోల మీదే తను కొత్త ఫైళ్లు రాసుకుంటూ పోయాడు.

అసలు దెబ్బ రాత్రి రెండింటికి తగిలింది. పెట్టిన టైముకి పనులు తనంతట తనే నడిపే క్రాన్, తన టైముకి తను లేచింది. అది నడిపే కాపీ ప్రోగ్రామ్ ఆర్‌సింక్‌కు ‘డిలీట్’ ఆప్షన్ పెట్టి ఉంది. అసలు డిస్క్‌లో ఫోల్డర్ లేదు కాబట్టి బ్యాకప్‌లోనూ తీసేసింది. పొద్దున నన్ను పిలిస్తే వెళ్లి లాగ్ తెరిచాను. ‘డిలీటింగ్’ అనే మాటతో మొదలయ్యే వరుసలు, స్క్రీన్ తర్వాత స్క్రీన్. ఆ వరుసలు నాకు ఇప్పటికీ గుర్తే.

బ్యాకప్ డిస్క్ మీద ఆ తర్వాత పెద్దగా ఏమీ రాయలేదు కాబట్టి దాన్నే పట్టుకున్నాం. సిస్టమ్ దాన్ని వాడకుండా అన్‌మౌంట్ చేసి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి ఇంకో డిస్క్ తెప్పించి, డీడీరెస్క్యూ అనే టూల్‌తో దాని మీదకు మొత్తం ఇమేజ్, అంటే డిస్క్‌కు అచ్చు నకలు, తీశాం. పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్‌ను ఆ ఇమేజ్ మీదే నడిపాం, అసలు డిస్క్‌ను ముట్టుకోలేదు. ఫొటోలు చాలావరకు వచ్చాయి. పాత పేర్లు రాలేదు, ‘ఎఫ్’ పక్కన అంకెలు మాత్రమే. లోపల కెమెరా రాసిన తేదీ, సమయం ఉంటాయి కదా, ఎగ్జిఫ్‌టూల్‌తో వాటిని బట్టి వరుస కుదిర్చాం. వీడియోలు డిస్క్ మీద ముక్కలుముక్కలుగా పడి ఉండటంతో చాలా వాటికి ప్రాణం రాలేదు. పెళ్లికూతురి తండ్రి వచ్చి కూర్చుని అన్నీ చూశాడు. తలంబ్రాల వీడియోలో ఆయన తండ్రి ఉన్నాడట, అది లేదు. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆ కుర్రాడు మర్నాటి నుంచి పనికి రాలేదు.

నీది కూడా తొందర చెయ్యి బిడ్డా. పొరపాటు జరిగితే వెంటనే ఏదో ఒకటి చేసేయాలి నీకు. అది మానుకో. ఏదైనా పోయిందని తెలియగానే ముందు క్రాన్ ఆపు, బ్యాకప్ డిస్క్ పీకి పక్కన పెట్టు. పోయిన ఫైలును ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పెట్టుకుందేమో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూడు. ఉంటే రీస్టార్ట్ జోలికి పోకు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల వివరాలుండే ‘ప్రాక్’ కింద ఆ ప్రోగ్రామ్ నంబర్ ఫోల్డర్‌లో ‘ఎఫ్‌డీ’ లోంచి వేరే డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. లేకపోతే డిస్క్‌ను రీడ్-ఓన్లీ చేసి ఇమేజ్ తియ్యి. ఎస్‌ఎస్‌డీ అయితే పెద్దగా ఆశ పెట్టుకోకు. ట్రిమ్ నడిస్తే ఖాళీ అయిన చోటును డ్రైవ్ తనే తుడిచేస్తుంది. ఈ రోజుల్లో చాలావరకు అవే, అందుకే రికవరీ కన్నా బ్యాకప్ మీదే నీ శ్రద్ధంతా పెట్టు.

ఉన్నది ఉన్నట్టు దించే కాపీ ఒక్కటే పెట్టుకుని బ్యాకప్ ఉందనుకోకు. రెస్టిక్ గానీ బోర్గ్ గానీ, ఏదో ఒక బ్యాకప్ ప్రోగ్రామ్ వాడు, పాత తేదీల స్నాప్‌షాట్లు నిలుస్తాయి. ఆర్‌సింకే వాడాలంటే ‘బ్యాకప్ డిర్’ ఆప్షన్‌తో తీసేసినవి తేదీ పేరున్న ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టు, ముందు డ్రై రన్ చెయ్యి, ఏమీ మార్చకుండా ఏం జరగబోతుందో చూపిస్తుంది. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, దాన్ని తెరిచే దారి ఎవరి దగ్గరా లేదు. కాగితం మీద రాసి, కవర్‌లో అంటించి, ఓనర్ బీరువాలో పెట్టించు.

ఇంకొకటి, దీనికి మాత్రం నువ్వు ఎదురు చెప్పకూడదు. డయాగ్నస్టిక్ సెంటర్‌లో సర్వర్ సెల్లార్‌లో పెట్టారేమో చూడు. 2020 అక్టోబర్ వానలకు మన ఊళ్లో సెల్లార్లు ఎలా నిండిపోయాయో నువ్వూ చూశావు. ఒక కాపీ పై అంతస్తులో పెడితే చాలదు, ఇంకో ఏరియాలో ఉండాలి. నెలకోసారి వాళ్ల ముందే ఏదో ఒక పాత ఫైలు అడిగి, బ్యాకప్ లోంచి తీసి, తెరిచి చూపించు.

ఆదివారం ఇంటికి రా. ఖాళీ హార్డ్‌డిస్క్ ఒకటి పట్టుకురా. నువ్వే ఫైళ్లు వేసి, నువ్వే డిలీట్ చేసి, నువ్వే తీద్దువు గానీ, నేను పక్కన కూర్చుంటాను. భోజనం ఇక్కడే. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ