సూర్యలంకలో దొరికిన తాబేలు గుడ్లు: మీ ప్రశ్నకు సమాధానం
గుంటూరు నుంచి సూర్యలంక బీచ్‌కి వెళ్తే, కుక్క తవ్విన ఇసుకలో తాబేలు గుడ్లు కనిపించాయి, బకెట్‌లో వేసి వేరేచోట పాతిపెట్టనా అని అడిగారు కదండీ. దయచేసి మీరు తియ్యకండి. తాబేలు గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. గుడ్డు తిరగబడితే చచ్చిపోవచ్చు. పైగా మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. బయటపడ్డ గుడ్ల మీద మెల్లగా అదే ఇసుక కప్పి, కుక్కను తరిమి, ఎవరో ఒకరు అక్కడే ఉండండి. అటవీ శాఖకు ఫోన్ చేసి లొకేషన్ పంపండి, తరలించాలా వద్దా వాళ్లే చూసుకుంటారు.

పిల్లలు సుమారు 45 నుంచి 60 రోజుల్లో బయటికొస్తాయి. పాపం, వెలుతురున్న వైపే సముద్రం అనుకొని రిసార్ట్ లైట్ల వైపు పోతాయి. అప్పుడు సెల్ ఫ్లాష్ మాత్రం వెయ్యకండి.